నబ్రా వాకిట్లో గిన్నె

"ఈ ఆనకట్ట వల్ల ఒక్క ప్రాణికి కూడా నష్టం జరగదు. నీళ్లు అందనివాడంటూ ఒక్కడూ మిగలడు!" అని కమిషనర్ తాజెల్సిర్ గారు నైలు ఒడ్డున, ఖర్జూరపు చెట్ల నీడలో నిలబడి మైకులో ప్రకటించారు. మునగబోయే ఊరివాళ్లు ఎండలో కూర్చుని చప్పట్లు కొట్టారు. మూడు గంటలు కూర్చోబెట్టాక ఉపన్యాసం అయిపోయిందంటే ఎవరైనా కొడతారు.

పెద్దావిడని అందరూ మర్యాదగా 'హాజ్జా' అని పిలిచే నబ్రా మాత్రం కొట్టలేదు. ఆవిడ చేతిలో నీళ్ల చెంబు ఉంది. ఆ ఊళ్లో ప్రతి సమాధి మీదా ఒక మట్టి గిన్నె ఉంటుంది. పోయినవాళ్లకు దాహం వేయకూడదని ఇంటివాళ్లు వెళ్లి అందులో నీళ్లు పోసి వస్తారు. నబ్రా పదకొండేళ్లుగా మొగుడి గిన్నె ఎండనివ్వలేదు.

"ఏం నాయనా, మమ్మల్ని ఎడారిలోకి తోలేస్తే మా ఆయనకి నీళ్లెవరు పోస్తారు? నువ్వొచ్చి పోస్తావా?"

ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారు. కమిషనర్ గారు అలాంటి మనిషి కాదు. అక్కడికక్కడే కమిటీ వేశారు. ముగ్గురు ఇంజనీర్లు సమాధుల మధ్య వారం రోజులు తిరిగి, నాలుగు వందల పన్నెండు గిన్నెలు కొలిచి, సగటు లోతు తేల్చారు. ఎనిమిదో రోజు మళ్లీ మైకు వచ్చింది.

"హాజ్జా నబ్రా గారి సమస్య శాశ్వతంగా పరిష్కరించాం! జలాశయం నిండగానే ఒక్కో సమాధి మీద నలభై మీటర్ల నీళ్లు నిలుస్తాయి, ఏడాది పొడవునా! పోసే శ్రమ లేదు, గిన్నె అక్కర్లేదు!"

నబ్రా లేచి నిలబడింది. "నీ నోట్లో మన్ను పడ!" అంది. గుమాస్తా దాన్ని 'హర్షం వ్యక్తం చేశారు' అని రాసుకుని వేలిముద్ర అడిగాడు. వెయ్యకపోతే కొత్త ఇల్లు రాదన్నాడు. వేసింది.

నీళ్లొచ్చాయి. ఇళ్లు, ఖర్జూరాలు, సమాధులు అన్నీ మునిగాయి. ఊరిని తీసుకెళ్లి ఎడారి నడుమ వరసగా కట్టిన సిమెంటు గదుల్లో దించారు. ప్రతి ఇంటికీ కుళాయి. తిప్పితే ముందు బుస్సుమంది, తర్వాత అందులోంచి ఇసుక రాలింది. మూడు గంటలు నడిస్తే ఒక ఉప్పునీళ్ల బావి ఉంది. నబ్రా ఎండిన నాలుకతో ఆఫీసుకు వెళ్లింది.

"కుళాయిలో నీళ్లు రావట్లేదు బాబూ."

గుమాస్తా కంప్యూటర్ చూశాడు. "మీ ఊరి వాటా పూర్తిగా అందుతోందిగా హాజ్జా! నాలుగు వందల పన్నెండు మంది లబ్ధిదారులు. తలా నలభై మీటర్లు."

"వాళ్లు చచ్చిపోయారు కదరా!"

"అయితే మాత్రం? వాళ్ల నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చిందా?"

"మరి మా సంగతో?"

"జాబితాలో సమాధులే ఉన్నాయి. బతికున్నవాళ్లకి గడి లేదు. నన్నేం చెయ్యమంటారు చెప్పండి?"

నబ్రా ఇంటికొచ్చి కాసేపు ఏడ్చింది. తర్వాత పార తీసింది. వాకిట్లో తన పొడవున ఇసుక పోగేసి, మక్కా వైపు కిబ్లా దిక్కు సరిచూసుకుని, తలవైపు రాయి పాతి, గిన్నె పెట్టింది. పక్కింటి మిర్ఘనీ గోడ మీంచి తొంగి చూశాడు.

"ఎవరిదత్తా ఇది?"

"నాదే."

"అయ్యో! ఎప్పుడు పోయావు?"

"కుళాయి తిప్పినప్పుడు. పార కావాలా?"

సాయంత్రానికి వీధి వీధంతా దిబ్బలే. పిల్లల పేరున కట్టడానికి తల్లులకు చేతులు రాలేదు. చీకటి పడేముందు అవీ కట్టారు, చిన్నచిన్నవి.

రెండు రోజులకు తనిఖీకి వచ్చిన కమిషనర్ గారు కారు దిగి, చేతులెత్తి పోయినవాళ్ల కోసం ఫాతిహా చదివారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"గిన్నెలన్నీ ఎండిపోయి ఉన్నాయే! పోయినవాళ్లంటే ఇంత నిర్లక్ష్యమా?" అని గుమాస్తాను చెడామడా తిట్టారు.

మర్నాడు పొద్దున్నే ట్యాంకర్ వచ్చింది. డ్రైవర్ ఒక్కో గిన్నె నింపుకుంటూ నబ్రా వాకిట్లోకి వచ్చాడు. ఆవిడ గిన్నె ఎత్తి గటగటా తాగేసి, మళ్లీ సమాధి మీద పెట్టింది. అతను మళ్లీ నింపాడు. అప్పటికే మిర్ఘనీ తన సమాధి మీద గిన్నె తీసేసి డ్రమ్ము పెట్టుకున్నాడు.

డ్రైవర్ రిజిస్టరు తెరిచాడు. "పోయినావిడ వేలిముద్ర కావాలి హాజ్జా."

నబ్రా మూతి తుడుచుకుని, ఆ తడి వేలే సిరాకు అద్దింది.