ఏసీ వేస్తేనే వేడినీళ్ళు

స్నానానికి వేడినీళ్ళు అడగ్గానే దొరకడం మనిషిని పాడుచేస్తుంది! ఈ మాట చాలా బాధ్యతతో అంటున్నాను. కుళాయి తిప్పగానే పొగలు కక్కుతూ వచ్చే నీళ్ళలో క్రమశిక్షణ ఏముంది? త్యాగం ఏముంది? అసలు కుటుంబ జీవితం ఏముంది?

నా మాట మీకు వింతగా తోస్తే, మీ ఇంట్లో ఇంకా పాత గీజరే ఉందన్నమాట. మీ మీద నాకు జాలే తప్ప కోపం లేదు. మొన్నమొన్నటి దాకా నేనూ మీలాంటి అనాగరికుణ్ణే.

నా పేరు జనార్ధనరావు. సింగపూర్‌లోని టోవా పాయోలో ఒక ఫ్లాట్‌లో ఉంటాం. నేను, మా ఆవిడ సుమలత, సెకండరీ స్కూల్లో చదివే మా అమ్మాయి అమూల్య, మా అమ్మ కోటేశ్వరి. జురాంగ్ ఐలాండ్‌లో ఒక ఫ్యాక్టరీలో వేడి వృథా కాకుండా చూడటం నా ఉద్యోగం. ఎక్కడ పైపు కనబడినా చెయ్యి పెట్టి చూడందే ముందుకు కదల్లేను. ఇంట్లో అన్నం గిన్నె మీద మూత లేకపోతే ఆ ఆవిరి నా జేబులోంచి పోతున్నట్టే ఉంటుంది.

అలాంటి నా ఇంట్లో, బాత్రూమ్ సీలింగ్ పక్కన ఒక పాత గీజరు! లోపల నీళ్ళు ఎవరి కోసమో కాగుతూనే ఉండేవి. ఎర్ర లైటు వెలుగుతూనే ఉండేది. మా అమ్మ ఆ స్విచ్చి ఆర్పనిచ్చేది కాదు.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు. బయట ఊరంతా ఉడికిపోతున్నా సరే, సాయంత్రమయ్యేసరికి బకెట్ నిండా వేడినీళ్ళు పట్టుకుని, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, చెంబుతో మోకాళ్ళ మీద పోసుకోవాల్సిందే. బాత్రూమ్ తలుపు సందులోంచి ఆవిరీ, "అమ్మయ్య" అన్న మాటా కలిసి బయటికి వచ్చేవి. ఒక ఇంజనీరుగా నాకు రెండూ వృథాగానే కనిపించేవి.

అప్పుడు అమూల్య స్కూల్లో గ్రీన్ క్లబ్‌లో చేరింది. ఇంటికొచ్చి సీలింగు వైపు వేలు చూపించి, "నాన్నా, దిస్ థింగ్ ఈజ్ కిల్లింగ్ ద ప్లానెట్, యూ నో?" అంది. కన్నకూతురి ముందు భూగోళాన్ని చంపినవాడిగా నిలబడటం ఏ తండ్రికి మాత్రం ఇష్టం? వెంటనే ఒక కంపెనీకి ఫోన్ చేశాను. ఆ కంపెనీ తరఫున ఉదయ్‌కిరణ్ అనే మన తెలుగు కుర్రాడే వచ్చాడు.

"ఏసీ మన గదిలో వేడిని తీసుకెళ్ళి బయట పారబోస్తుంది కదా సార్. ఆ వేడితోనే మన నీళ్ళు కాగుతాయి. చల్లగాలికిచ్చే కరెంటుతోనే వేడినీళ్ళూ వచ్చేస్తాయి" అన్నాడు.

నా కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత అందమైన మాట నాతో ఎవరూ అనలేదు. పెళ్ళిచూపుల్లో కూడా!

"మరి ఏసీ వెయ్యని రోజు?" అని సుమలత అడిగింది.

ఉదయ్‌కిరణ్ నవ్వాడు. "సింగపూర్‌లో ఏసీ వెయ్యని రోజు ఉంటుందా మేడమ్?"

మేమందరం నవ్వాం. ఏసీ గాలి తగిలితే కాళ్ళు కొయ్యబారిపోయే మా అమ్మ హాల్లో ఫ్యాను కింద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆవిడా మాతోపాటు నవ్వి, "మీ ఇష్టం నాయనా" అంది.

పాత గీజరు వెళ్ళిపోయింది. వంటింటి వెనక, వాషింగ్ మెషీన్ పక్కన, తెల్లటి కొత్త ట్యాంకు వచ్చి నిలబడింది. ఆ రోజు నుంచి మా ఇంటికి పట్టిన అదృష్టం ఏమని చెప్పను!

సింగపూర్‌లో చలికాలం లేదని మనవాళ్ళు తెగ బాధపడుతుంటారు. మాకిప్పుడు రోజూ ఉంది. పొద్దున తలస్నానం చెయ్యాలంటే ముందు రోజు సాయంత్రం నుంచే ఏసీలన్నీ పద్దెనిమిదిలో పెట్టుకుని కూర్చుంటాం. సుమలత స్వెట్టర్ వేసుకుని పుల్కాలు చేస్తుంది. యీషున్ నుంచి మా శ్యాంసుందర్ బావ భోజనానికి వచ్చి, దుప్పటి కప్పుకుని పెరుగన్నం తిన్నాడు. వెళ్ళేటప్పుడు లిఫ్టు దగ్గర ఎండలో నిలబడి చేతులు కాచుకున్నాడు. ఇంతటి అనుభవం కోసం జనం స్విట్జర్లాండ్ వెళ్తున్నారు!

కరెంటు బిల్లు పెరిగిందని సుమలత అంది. పెరగదా మరి? వేడినీళ్ళు ఉచితంగా రావాలంటే ఏసీ బాగా వాడాలి కదా! బిల్లు పెరగడం వేరు, ఎఫిషియెన్సీ పెరగడం వేరు. ఈ తేడా ఆవిడకి ఎన్నిసార్లు వివరించినా, చెయ్యి చాపి బిల్లునే చూపిస్తుంది. సైన్సు చదవనివాళ్ళతో ఇదే బాధ.

ఇక యాప్ సంగతి. ట్యాంకుని నడిపే యాప్ అమూల్య ఫోన్లో ఉంది. ఎవరు ఎన్ని వేడినీళ్ళు తక్కువ వాడితే అన్ని ఆకుపచ్చ ఆకులు మొలుస్తాయి. నేను తలకి షాంపూ పెట్టుకుని కళ్ళు మూసుకున్న సమయం చూసి తలుపు మీద దబదబా కొడుతుంది. "నాన్నా, టూ లాంగ్ లా! ఆకు పోతోంది!" ఫ్యాక్టరీలో ఇంతింత బాయిలర్లు నా సంతకం కోసం ఎదురుచూస్తాయి. ఇంట్లో నురగతో బయటికి వస్తాను. పిల్లల్లో బాధ్యత పెరగడం అంటే ఇదే కదా?

అందరికన్నా బాగా సహకరించింది మా అమ్మ. మొదట్లో పాపం కొంచెం ప్రయత్నించింది. నీళ్ళు కాగేదాకా శాలువా కప్పుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, రెండేసి సాక్సులు తొడుక్కుని ఏసీ గదిలో కూర్చునేది. నీళ్ళు కాగే వేళకి ఆవిడ మోకాళ్ళు బిగుసుకుపోయి కుర్చీలోంచి లేవలేకపోయేది. అయినా పల్లెత్తు మాట అనలేదు. తర్వాత ఆ బకెట్ అడగడమే మానేసింది.

అమ్మ కూడా కాలంతోపాటు మారిందని ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాను.

మా యాప్‌లో ఆకులు చెట్టంత అయ్యాయి. మమ్మల్ని ఆదర్శ కుటుంబంగా ఎంపిక చేశామని కంపెనీ నుంచి కబురొచ్చింది. ఒక ఆదివారం సాయంత్రం ఉదయ్‌కిరణ్ కెమెరా పట్టుకుని వచ్చాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. సుమలత ట్యాంకుకి బొట్టు పెట్టింది.

అతను ట్యాబ్ తెరిచి లెక్కలు చూసి, "చాలా బావుంది సార్. ఇంట్లో ముగ్గురే కదా ఉండేది?" అన్నాడు.

"నలుగురం" అన్నాను.

"లేదు సార్. ఇందులో ముగ్గురి వాడకమే ఉంది. సాయంత్రం స్నానాలు అసలు లేవు."

"నాలుగో మనిషి మా అమ్మ" అన్నాను. "అమ్మా! ఇలా రా, ఫోటో!" అని పిలిచాను. గదిలోంచి జవాబు రాలేదు.

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. తలకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో సబ్బుపెట్టె, చెంబు ఉన్న ప్లాస్టిక్ బుట్టతో మా అమ్మ లోపలికి వచ్చింది. సున్నిపిండి వాసన. మొహం నిగనిగలాడుతోంది. వెనకే పక్కింటి సలేహా మక్‌చిక్ వచ్చింది. మక్‌చిక్ అంటే మలయ్‌లో పెద్దావిణ్ణి పిలిచే పిలుపు, మన పిన్నిగారిలా. అమ్మ మర్చిపోయిన కళ్ళజోడు ఆవిడ చేతిలో ఉంది.

"ఎక్కడికెళ్ళావమ్మా?" అన్నాను.

"స్నానానికి." కూరగాయలకి వెళ్ళొచ్చినంత మామూలుగా చెప్పింది.

"పక్కింటికా?"

"మరెక్కడికి పోను అబ్బాయ్? ఇక్కడ నీళ్ళు కాగాలంటే ముందు నేను బిగుసుకుపోవాలి. ఈవిడింట్లో మన పాత గీజరు లాంటిదే ఉంది. ఎప్పుడు తిప్పినా వేడిగా వస్తాయి."

"హాట్ వాటర్ గుడ్ ఫర్ లెగ్" అని మక్‌చిక్ నా చేతిలో కళ్ళజోడు పెట్టింది. "ఎవ్రీడే షీ కమ్. ఐ ఆల్సో హ్యాపీ."

ఉదయ్‌కిరణ్ కెమెరా కిందకి దించి, నేలమీది టైల్స్ చూడటం మొదలుపెట్టాడు. అమూల్య ఫోన్ వైపు చూసింది, నానమ్మ తువ్వాలు వైపు చూసింది.

"అయితే ఈ ఆకులన్నీ నానమ్మవా?"

ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే, కొత్త ట్యాంకు వచ్చిన వారం తర్వాత నుంచేనంది అమ్మ. రోజూ సాయంత్రం ఇంట్లోంచి ఒక పెద్దావిడ బుట్ట పట్టుకుని స్నానానికి బయటికి వెళ్తోంది. మేం ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం. చల్లగాలి పోకుండా ఎవరి గది తలుపు వాళ్ళం వేసుకుని, శ్రద్ధగా నీళ్ళు కాచుకుంటున్నాం.

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. అయినా ఎఫిషియెన్సీ మీద నమ్మకం వదులుకునేవాణ్ణి కాదు నేను. మర్నాడే అమూల్యని తీసుకెళ్ళి అమ్మ బాత్రూమ్‌కి చిన్న హీటరు కొన్నాను. కుళాయి తిప్పినప్పుడే కాస్తుంది, కట్టగానే ఆగిపోతుంది. ఏసీతో సంబంధం లేదు. పెద్ద స్విచ్చి మీద అమూల్య స్వయంగా "నానమ్మ" అని తెలుగులో రాసి అతికించింది. వంకరగా రాసింది గానీ, రాసింది.

అమ్మ స్నానం చేసింది. ఆవిరి వచ్చింది. "అమ్మయ్య" కూడా వచ్చింది. ఈసారి ఆ మాట వృథా అనిపించలేదు నాకు. సమస్య పరిష్కారమైందని పేపరు చదువుకుంటూ కూర్చున్నాను.

తల తుడుచుకుని అమ్మ చెప్పులేసుకుంది.

"మళ్ళీ ఎక్కడికి? నీళ్ళు ఇక్కడే వస్తున్నాయిగా?"

"నీళ్ళకెవరు వెళ్తున్నారు? మొదట్లో నీళ్ళకే వెళ్ళాను." గుమ్మం పట్టుకుని ఆగింది. "ఆవిడ తలుపు బార్లా తీసి పెట్టుకుంటుంది రా. వచ్చేపోయేవాళ్ళు కనపడతారు. పలకరిస్తారు. ఇక్కడ మీ తలుపు కొట్టాలంటే నాకు భయం. తీస్తే చల్లగాలి పోతుందని కసురుతారు."

కసిరింది ఎవరని అడగలేదు నేను. పేపరు మడిచి పక్కన పెట్టాను.

"ఆవిడకి తెలుగు రాదు. నీకు మలయ్ రాదు. ఏ భాషలో మాట్లాడుకుంటారమ్మా?"

"ఆవిడ ఆవిడ భాషలో, నేను నా భాషలో. ఇద్దరం మోకాళ్ళ గురించే కదా, అర్థంకాక ఏం చేస్తుంది?"

ఆ సాయంత్రం భోజనానికి నానమ్మని పిలుచుకురమ్మని అమూల్యని పంపాం. అది వెళ్ళి తిరిగి రాలేదు. అమూల్యని పిలవడానికి సుమలత వెళ్ళింది. ఆవిడా రాలేదు. ఖాళీ గదుల్లో ఏసీలు ఎందుకని ఒక్కొక్కటే ఆర్పేసి, చివరికి నేనే వెళ్ళాను. పక్కింటి గుమ్మం ముందు కారిడార్‌లో ప్లాస్టిక్ కుర్చీలేసుకుని నలుగురూ కూర్చున్నారు. అమూల్య నానమ్మకీ మక్‌చిక్‌కీ మధ్య దుబాసీ పని చేస్తోంది. దాని అనువాదం విని పెద్దావిడలిద్దరూ పడీపడీ నవ్వుతున్నారు. మక్‌చిక్ నాకో కుర్చీ లాగింది. కొబ్బరికోరు అద్దిన కుయే, వాళ్ళ మిఠాయి, చేతిలో పెట్టి, "మకాన్, మకాన్" అంది. తినమని.

అప్పటినుంచి సాయంత్రాలు అక్కడే. మా ఇంట్లో ఏసీలు వెయ్యడానికి మనుషులు లేరు. నీళ్ళు కాగడం లేదు. నేను చన్నీళ్ళు పోసుకుని ఆఫీసుకి వెళ్తున్నాను. అంతటి ట్యాంకు మూలన చల్లగా నిలబడి ఉంది, పాపం.

నిన్న మేమంతా అక్కడ ఉండగా అమూల్య ఫోన్ మోగింది. యాప్. "మీ ఇంట్లో వాడకం లేదు. ఊరెళ్ళారా?" అని అడుగుతోంది. కింద రెండు బటన్లు. ఊరెళ్ళాం, ఇంట్లోనే ఉన్నాం.

"ఏది నొక్కాలి నాన్నా?"

"ఇంట్లోనే ఉన్నామంటే ఏసీలు వెయ్యమంటుంది. ఊరెళ్ళామని నొక్కు."

నొక్కింది. శుభప్రయాణం చెప్పి, ఒక కొత్త ఆకు కూడా ఇచ్చింది యాప్.

"ఏమంటోందే అది?" అని అడిగింది అమ్మ.

"మనం ఇంట్లో లేమంటోంది నానమ్మా."

అమ్మ ఇంకో కుయే తీసుకుని మక్‌చిక్ వైపు తిరిగింది.

"ఇన్నాళ్ళూ ఉన్నామనుకుందా ఏంటి?"