మొహమాటలేమి

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెడదామంటే, ఆ అడవి చెప్పుకోదగ్గంత పెద్దదేం కాదు. నాలుగు గుట్టలు, ఒక వాగు, అంతే. సభలు మాత్రం పెద్దవి. వాగు ఎండిపోయిన ఏడాది కూడా సభ ఆగలేదు. కాబట్టి ఒక పెద్ద సభలో చిన్న అడవి ఉండేది అనుకోండి, సరిపోతుంది.

దాని పేరు నలుగురి సభ. అధ్యక్షపదవిలో ఎలుగుబంటి. ఆటపాటల వ్యవహారాలన్నీ నెమలివి. ఆరోగ్యశాఖ కొండముచ్చుది. అది ఎక్కడో పరాయి అడవిలో వైద్యం చదివొచ్చానని చెప్పుకునేది. ఏ చెట్టు మీద చదివిందో ఎవరూ అడగలేదు. నాలుగో సభ్యురాలు తొండ. దానికి శాఖంటూ లేదు కానీ, పుట్టుకతోనే తల ఊపే అలవాటు ఉంది. అందుకని ఆ సభలో ఏ తీర్మానమూ ఓడిపోయిన దాఖలా లేదు.

కొండముచ్చు చదువు గురించి ఎందుకడగలేదంటారా? మొహమాటం. ఆ అడవిని నడిపించేదే మొహమాటం. కడుపు నకనకలాడుతున్న దుప్పిని భోంచేశావా అని అడిగితే, ఇప్పుడే అయిందండీ అనేది. నెమలి ఆడినంత బాగా పాడలేదని అందరికీ తెలుసు, నెమలికి తప్ప. అది గొంతు విప్పితే అడవంతా పళ్ళు బిగబట్టుకుని అద్భుతం అనేది. దారిలో ఎదురైనవాళ్ళనల్లా మా ఇంటికి ఒకసారి రండి అనడం, వాళ్ళు తప్పకుండా వస్తాం అనడం, ఆ తర్వాత ఎవరూ ఎవరింటికీ పోకపోవడం, ఇదీ అక్కడి మర్యాద.

ఇంత మర్యాదలో ఒక అలుగు వచ్చి పడింది. ఒళ్ళంతా పొలుసులు, చప్పుడైతే ముక్కు నుంచి తోక దాకా చుట్టుకుపోయే అలుగు. పసిగుడ్డుగా వాగు ఒడ్డున దొరికితే కుందేలమ్మ తెచ్చి పెంచుకుంది. ఆ అడవిలో అలుగు అదొక్కటే. కుందేలమ్మకి పిల్లలు బోలెడంతమంది పుట్టి, పెరిగి, గెంతుకుంటూ వెళ్ళిపోయారు. ఇది మాత్రం అమ్మ పక్కనే బొరియ తవ్వుకుని ఉండిపోయింది.

అలుగుకి చీమల బారంటే ప్రాణం. బారు పక్కన పడుకుని గంటలకొద్దీ చూసేది. చూసిన చీమల్ని తినేది కాదు. ఆకలేస్తే అవతలి గుట్టకి వెళ్ళి, పరిచయం లేని పుట్టలో తినొచ్చేది. భోంచేశావా అని ఎవరైనా అడిగితే, ఏ పుట్టలో తిన్నదీ, రుచి ఎలా ఉన్నదీ మొదలుపెట్టేది. అడిగినవాళ్ళు సగంలోనే జారుకునేవాళ్ళు. అడిగింది వాళ్ళే కదా, ఎందుకు వెళ్ళిపోయారమ్మా అని అది కుందేలమ్మని అడిగేది.

ఒకటే గొడవ. సభ డప్పు కొట్టే బండ సరిగ్గా అలుగు బొరియ మీద ఉంది. డప్పు మోగగానే అలుగు చుట్టుకుపోయేది, సభ అయిపోయినా విచ్చుకునేది కాదు. పేరే అలుగు కదా, అందుకని అలిగిందన్నారు. కొందరు పొగరన్నారు. పెంపకం మంచిది కాదని మరికొందరు కుందేలమ్మకి వినబడేలా అన్నారు. కుందేలమ్మ అందరికీ చెవులు వాల్చి క్షమించండి అనేది. అంతకన్నా మొహమాటస్తురాలు ఆ అడవిలోనే లేదు.

కుందేలమ్మకి భయం పట్టుకుంది. మీసాలు నెరిశాయి, గెంతు తగ్గింది. నా తర్వాత దీన్ని ఎవరు చూస్తారు అనుకునేది. ఆ దిగులుతోనే ఒకనాడు అలుగుని వెంటబెట్టుకుని కొండముచ్చు డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

డాక్టరు అలుగుని అటూ ఇటూ దొర్లించి చూసింది. నలుగురిలో కలుస్తావా అని అడిగింది.

"ఏ నలుగురు?" అంది అలుగు. నిజంగానే తెలియక అడిగింది.

డాక్టరు ముఖం వెలిగిపోయింది. నెమలమ్మ పాట ఎలా ఉంటుందని అడిగింది. చెవులు నొప్పి పుడతాయి, ఆట బాగుంటుంది అని అలుగు చెప్పింది. మా ఇంటికి ఒకసారి రామ్మా అంటే, ఎప్పుడు రమ్మంటారు అని అడిగింది. ఇక పరీక్షలు అక్కర్లేదని డాక్టరు తేల్చేసింది. ఇది అలక కాదు, పొగరూ కాదు, కుందేలమ్మ పెంపకంలో తప్పూ లేదు. దీన్ని మొహమాటలేమి అంటారు. పుట్టుకతో వచ్చేదట.

చూశారా, ఇక్కడిదాకా ఆ కొండముచ్చుని నేను తప్పు పట్టను. ఆ మాట వినగానే కుందేలమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఇన్నాళ్ళు మోసిన నింద దిగిపోయినందుకు. అలుగైతే ఆ పేరుని దారి పొడుగునా పలుక్కుంటూ ఇంటికొచ్చింది. దానికి ఎంతో సంతోషంగా ఉంది. తనకొక పేరుంది, అది తిట్టు కాదు. మర్నాడే సభకి వెళ్ళి, నాది అలక కాదని తేలింది కాబట్టి డప్పు వేరే బండ మీద కొట్టుకోండి అని అడిగింది.

అడిగింది అంతే. డప్పు జరపడం ఎంతసేపు పని? కానీ సభ అన్నాక సభలా ఆలోచించాలి కదా. డప్పు తాతల నాటి నుంచీ అక్కడే ఉందని ఎలుగుబంటి అంది. డప్పుని జరిపే కన్నా అలుగుని బాగుచేయడం తేలికని కొండముచ్చు అంది. దానికి విరుగుడు తన దగ్గర ఉందట. మొదటి విడత శిక్షణ. అది పనిచేయకపోతే రెండో విడతలో పొలుసులు ఊడబెరకడం. మొహమాటం బయటినుంచి ఒంట్లోకి దిగాలంటే ఆ పొలుసులే అడ్డమని దాని సిద్ధాంతం. తొండ తల ఊపింది.

పొలుసుల మాట వినగానే కుందేలమ్మ అలుగుని దగ్గరికి లాక్కుంది. అయినా అంత పెద్దవాళ్ళు అంత శ్రద్ధ తీసుకుంటుంటే కాదంటే ఏం బాగుంటుందని, సరేనండి అంది.

శిక్షణ మొదలైంది. ఎవరు మాట్లాడినా కళ్ళలోకి చూడాలి, నవ్వాలి. నెమలి పాడితే అద్భుతం అనాలి. రమ్మంటే తప్పకుండా అనాలి, వెళ్ళొస్తానన్నాక ఉండమంటే కాదనకూడదు. డప్పు మోగినా చుట్టుకోకూడదు. అలుగు మొండిది కాదు, చెప్పినవన్నీ శ్రద్ధగా నేర్చుకుంది. డప్పు మోగుతున్నా చుట్టుకోకుండా బిగబట్టుకుని నిలబడేది. కానీ ఇంటికొచ్చాక తిండి సయించేది కాదు. చీమల బారు దగ్గరికి కూడా పోవడం మానేసింది. కుందేలమ్మ చూస్తూనే ఉంది. అంతా దీని మంచికే అని తనకి తాను చెప్పుకునేది.

ఆ తర్వాత పక్క అడవుల వాళ్ళని పిలిచి ఆరోగ్య ప్రదర్శన పెట్టారు. అలుగు అందరి కళ్ళలోకీ చూసి నవ్వింది. నెమలి పాటకి అద్భుతం అంది. కొండముచ్చు మెడలో పూలదండలు పడ్డాయి. ఆ ఊపులో ఎలుగుబంటి అందరి ముందూ అలుగు తల నిమిరి, మా ఇంటికి ఒకసారి రావాలమ్మా, నీ ఇల్లే అనుకో అంది.

తప్పకుండా వస్తానంది అలుగు. నేర్పినట్టే.

నేర్పినట్టే వెళ్ళింది కూడా. మర్నాడు పొద్దున్నే ఎలుగుబంటి గుహ ముందు నిలబడి, వచ్చాను అంది. ఎలుగుబంటి అప్పుడే తేనెపట్టు తెచ్చుకుని కూర్చుంది. గతుక్కుమంది. అయినా మర్యాద తెలిసినది కదా, రామ్మా రా అంది. మొహమాటపడకు, నీ ఇల్లే అనుకో అని మళ్ళీ అంది.

తన ఇంట్లో అలుగు ఏం చేస్తుంది? తవ్వుతుంది. గుహ నడిమధ్యన చక్కటి బొరియ తవ్వింది. ఎలుగుబంటి తాతల నాటి నిద్రగుంట ఆ మట్టిలో పూడిపోయింది. సాయంత్రం కాగానే అలుగు ఒళ్ళు దులుపుకుని వెళ్ళొస్తానంది. ఎలుగుబంటి లోపల దండాలు పెట్టుకుంటూ, పైకి మాత్రం అలవాటుగా, అప్పుడేనా, ఉండమ్మా అనేసింది.

అలుగు ఉండిపోయింది.

మర్నాడూ అదే వరస. ఆ మర్నాడూ అదే. రోజూ అలుగు వెళ్తాననడం, రోజూ ఎలుగుబంటి నోరు అప్పుడేనా అనడం. ఒకరికి పోవాలని ఉంది, ఒకరికి పంపాలని ఉంది, మధ్యలో మొహమాటం గడియ పెట్టుకుని కూర్చుంది. గుహంతా బొరియలైపోయింది. నిద్ర లేక ఎలుగుబంటి కళ్ళు గుంటలు పడ్డాయి. చివరికి సభనే గుహకి పిలిపించింది. బిడ్డ మీద బెంగతో కుందేలమ్మా పరిగెత్తుకొచ్చింది.

ఇక్కడ మీరు పులి కోసం చూస్తుంటారు. పులి రావాలి, ఆ బొరియల్లో పడాలి, అలుగు వల్ల అడవి బతికిపోవాలి, అప్పుడు అందరూ దాన్ని మెచ్చుకోవాలి. పులి రాలేదండీ. ఆ అలుగు వల్ల అడవికి ఏ ఉపకారమూ జరగలేదు. జరగాలని రూలు కూడా లేదు.

కొండముచ్చు గుహంతా కలయజూసి గొంతు సవరించుకుంది. శిక్షణ బాగానే ఎక్కింది కానీ ఒక్క ముక్క ఎక్కలేదంది. ఏది మాటవరసకి అన్నదో, ఏది నిజంగా అన్నదో అలుగు పోల్చుకోలేకపోతోంది.

"మాటవరస అంటే ఏమిటి?" అని అడిగింది అలుగు.

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరికీ తెలిసిందే, చెప్పడానికి మాత్రం ఎవరికీ రాలేదు.

అందుకే అన్నాను, పొలుసులు ఊడబెరికితే గానీ లాభం లేదని కొండముచ్చు తేల్చింది. రేపే మొదలుపెడదామంది. తొండ తల ఊపింది. నెమలి ఆ సందర్భానికి ఒక పాట కట్టుకుంటానంది. ఇక మిగిలింది కుందేలమ్మ సరేనండి అనడమే. అందరూ అటు తిరిగారు.

కుందేలమ్మ అలుగు దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చుంది. "నీ కోసమేరా తల్లీ. నేను పోయాక నీకు నలుగురు కావాలి కదా. మొహమాటం కూడా లేకపోతే ఎలా బతుకుతావు?"

అలుగు కళ్ళలోకి చూడలేదు. అమ్మ పాదం మీద తల ఆన్చి నేల వంక చూస్తూ అంది:

"నువ్వు పోతే నాకు లేకుండా పోయేది నువ్వు. మొహమాటం కాదు. దానికి మందుందా డాక్టరు దగ్గర?"

కుందేలమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నాళ్ళూ బిడ్డకి ఏమీ పట్టదనుకుంది. దానికి అన్నీ పట్టాయి, తనకే ఇన్నాళ్ళూ పట్టలేదు. కొండముచ్చు ఓపిగ్గా, ఏమంటావమ్మా, సరేనా అని అడిగింది.

"వద్దండి," అంది కుందేలమ్మ.

ఆ మాట అది పుట్టాక అనడం అదే మొదలు. గొంతులో ఎక్కడో గీసుకుంటూ వచ్చింది. వచ్చాక మాత్రం హాయిగా అనిపించి, మళ్ళీ అంది. పొలుసులూ వద్దు, శిక్షణా వద్దు, దీనికి కావాల్సింది డప్పు జరపడం, అంతేనండి అంది. తొండ దానికీ తల ఊపింది.

కొండముచ్చు వెనక్కి గెంతింది. ఇది అంటుకుంటుందన్నమాట అంది. కుందేలమ్మ నుంచి నాలుగడుగులు దూరం జరిగి, ఎలుగుబంటి వెనక నక్కింది. ఎలుగుబంటి మాత్రం కుందేలమ్మనే తేరిపార చూస్తోంది. అంత చిన్న ప్రాణి అనగలిగిన మాట తను అనలేకపోవడమేమిటని దానికి చిర్రెత్తినట్టుంది. అలుగు అప్పుడే లేచి, వెళ్ళొస్తాను పెద్దయ్యా అంది.

ఎలుగుబంటి నోరు అలవాటుగా తెరుచుకుంది. మూసుకుంది. చెమటలు కారాయి.

"వెళ్ళమ్మా," అంది. "నిన్ను రమ్మనడం, ఉండమనడం, అన్నీ మాటవరసకి అన్నాను."

"ఓహో, మాటవరస అంటే అదా," అంది అలుగు. "మొదటి రోజే ఇలా చెప్పుంటే మీకూ నాకూ ఎంత సుఖంగా ఉండేది."

దానికి కోపం లేదు. నిజంగానే సంతోషించింది. తవ్వినవన్నీ పూడ్చి వెళ్ళనా అని కూడా అడిగింది. పూడ్చమంటే పూడ్చింది. ఇక ఎలుగుబంటికి నోరు పెగిలింది. నెమలమ్మా, నువ్వు పాడకు, ఆడు అంది. డాక్టరుగారూ, మీరు ఏ చెట్టు మీద చదివారు అంది. డప్పు మోగితే నాకూ తలపోటే, రేపట్నుంచి వాగు అవతల కొట్టించండి అంది. తొండ ఊపే తల ఊపుతూనే ఉంది కాబట్టి అది తీర్మానమైపోయింది.

ఎలుగుబంటి కూడా అలుగులా మారిపోయిందని మీరనుకుంటే పొరపాటు. దానిది ఉత్త జలుబులాంటిది, నాలుగు రోజులకే దిగిపోయింది. ఆ తర్వాత నెమలి పాడితే మళ్ళీ అద్భుతం అనడం మొదలుపెట్టింది, దారిలో కనబడ్డవాళ్ళని ఇంటికి రమ్మనడమూ మొదలుపెట్టింది. అలుగుని తప్ప. అలుగుది పుట్టుకతో వచ్చింది, అది పోలేదు. కాకపోతే డప్పు మాత్రం వాగు అవతలే ఉండిపోయింది. దాన్ని మళ్ళీ వెనక్కి తెద్దామని అనడానికి అందరికీ మొహమాటం అడ్డొచ్చింది.

కొండముచ్చు ఇంకా మానలేదు. ఒకసారి దారిలో అలుగుని ఆపి, నీకు పేరు పెట్టింది నేనే, ఆ కృతజ్ఞతైనా లేదా అని నిష్ఠూరమాడింది.

"ఉంది. పేరు నేనుంచుకుంటాను," అంది అలుగు. "మందు మీరుంచుకోండి."

అని, కుందేలమ్మ ఎదురుచూస్తోందని చీమల బారు వెంట ఇంటికి వెళ్ళిపోయింది. పాపం డాక్టరు వెనకనుంచి, మా ఇంటికి ఒకసారి... అని మొదలుపెట్టి, గబుక్కున నోరు మూసుకుంది.

ఇందులో నీతి ఏమైనా ఉందా అంటే ఇంతే: మొహమాటానికి మందు లేదు గనక, అది లేనివాళ్ళకి కనిపెడుతుంటారు.