నేటి వాక్యం: తలుపు తీయండి

అపార్ట్‌మెంట్‌లో అందరూ ఎర్రపెన్ను మామయ్యగారని పిలిచే పెద్దాయన ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే: మోకాలి ఆపరేషన్ అయిన భార్యను ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకురావడం. చిన్న పనే, కానీ పరువంతా దాని మీదే ఉంది. ఆవిడను ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్తున్నప్పుడు కూడా ఈయన ట్యాబ్‌లో ఎవరి ఇంగ్లీషునో దిద్దుతున్నారు.

"ఇంటికి తీసుకెళ్ళే రోజైనా వేళకి రండి. లేకపోతే మా అన్నయ్యతో వెళ్ళిపోతా," అన్నారావిడ. ఊరికే అనే మనిషి కాదు.

అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం నుంచి రిటైరై ఏళ్ళయినా ఆయన చేయి మాత్రం రిటైర్ కాలేదు. అపార్ట్‌మెంట్ వాళ్ళ ఆన్‌లైన్ చర్చా పేజీలో నీళ్ళు రావడం లేదని ఎవరైనా రాస్తే, నీళ్ళ సంగతి వదిలేసి వాక్యం సంగతి చూసేవారు. 'లిటరల్లీ' అన్న మాటను ఎక్కడపడితే అక్కడ వాడేవాళ్ళంటే ఒళ్ళు మండేది. పైగా రోజూ పొద్దున్నే ఒక ఇంగ్లీషు వాక్యం పెట్టి, దాన్ని కర్తనో కాలాన్నో మార్చి తిప్పి రాసి సాధన చేయమనేవారు.

స్నానాల గదిలోకీ ట్యాబ్ పట్టుకెళ్ళారు. స్నానమయ్యాక గడియ ఊడి చేతికొచ్చింది, తలుపు మాత్రం రాలేదు. భార్య నెలలుగా మార్పించమంటున్న గడియ అది. ఫోన్ హాల్లో ఉంది, ట్యాబ్‌కు సిమ్ లేదు, ఉన్నది ఇంటి వైఫై ఒక్కటే. అరిచి చూశారు గానీ, పక్కింట్లో గోడకు డ్రిల్లింగ్ జరుగుతోంది. చివరికి చర్చా పేజీ తెరిచి, కామాలు సరిచూసుకుని, తాను స్నానాల గదిలో చిక్కుకుపోయానని, దయచేసి తలుపు తీయమని చక్కటి ఇంగ్లీషులో రాశారు.

కింది ఫ్లాట్ టైలరమ్మ వెంటనే, తన బావగారు స్నానాల గదిలో చిక్కుకుపోయారని తిప్పి రాసింది. పై ఫ్లాట్ బ్యాంకాయన దాన్ని భవిష్యత్ కాలంలోకి మార్చి, రేపు మీరందరూ చిక్కుకుపోతారన్నాడు. ఇది పాఠం కాదు, నిజమని మామయ్యగారు రాస్తే, దాన్నీ వాళ్ళు తిప్పి రాశారు. ఇంతలో బ్యాంకాయన వాక్యంలో ఒక తప్పు కనబడింది. ఆగుదామనుకున్నారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా, దిద్దేశారు. దాంతో ఎవరికైనా ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయి, ధన్యవాదాలు చెప్పి ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు.

ఆసుపత్రిలో భార్య ఫోన్ చేసి చేసి విసిగి, ఆ పేజీ తెరిచారు. అందులో ఏనాడూ ఒక్క ముక్క రాయని మనిషి, తెలుగులో రాశారు: "అది పాఠం కాదు. ఆ గడియ సంగతి నాకు తెలుసు. వెళ్ళి తలుపు పగలగొట్టండి."

బిల్డింగంతా కదిలింది. టైలరమ్మ తన దగ్గరున్న వాళ్ళింటి రెండో తాళంచెవితో వచ్చింది, బ్యాంకాయన సుత్తితో వచ్చాడు. తువ్వాలుతో బయటపడ్డ మామయ్యగారికి, తాను ఎక్కువగా దిద్దినవాళ్ళే అందరికంటే ముందు నిలబడి కనిపించేసరికి కళ్ళు చెమర్చాయి. అందరికీ చేతులు జోడించారు. బ్యాంకాయనే కారు తీశాడు.

వీళ్ళు ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆవిడ అన్నయ్య తన కారు తలుపు తీసి పట్టుకుని ఉన్నాడు.

"ఇన్నాళ్ళూ అక్కడ ఏమీ రాయలేదేం?" అన్నారు మామయ్యగారు.

"రాస్తే దిద్దుతారని."

"నువ్వు రాయబట్టే బయటపడ్డాను. నీ మేలు మరిచిపోను," అన్నారాయన.

ఆవిడ, తన అన్నయ్యను కారు తలుపు వేసేయమని, బ్యాంకాయన కారు వైపు తిరిగారు.

ఇంటికి చేరాక ఆయన చర్చా పేజీలో అందరికీ తెలుగులో మనసారా కృతజ్ఞతలు రాశారు. తెలుగు పాఠాలు మొదలయ్యాయనుకుని జనం దాన్నీ తిప్పి రాసి పంపారు. దిద్దడానికి చేయి లాగింది గానీ, అప్పటికి ట్యాబ్ ఆవిడ చేతిలోకి వెళ్ళిపోయింది.