చీర కట్టుకున్న సూపర్ కప్పు

నర్సన్నకు చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉంది. యూరప్ ఖండంలో ఏటా ఆగస్టు నెలలో సూపర్ కప్పు అని ఒక ఫుట్‌బాల్ ఆట జరుగుతుంది. ఆ ఖండంలోని పెద్ద పోటీ గెలిచిన క్లబ్బూ, దాని తర్వాతి పోటీ గెలిచిన క్లబ్బూ అందులో తలపడతాయి. ఇద్దరూ గెలిచినవాళ్లే కదా, మళ్లీ ఒకరిని ఓడించడం దేనికి? వేములవాడ మొక్కు తీర్చుకొచ్చినవాణ్నీ, బాసర పోయి వచ్చినవాణ్నీ ఎదురెదురుగా నిలబెట్టి, ఎవరి పుణ్యం ఎక్కువో తేల్చుకోండి అన్నట్టు లేదూ?

రెండేళ్ల కింద ఈ మాట టైలర్ ఎజాజ్‌ను అడిగితే, "నర్సన్నా, నువ్వు మస్తు సోచాయిస్తవ్. ఆడేటోళ్లను ఆడనియ్యి," అన్నాడు. అని ఊరుకోలేదు. టీవీలో ఆ ఆట చూసిన ఉత్సాహంతో మనకూ ఒక సూపర్ కప్పు ఉండాలని పట్టుబట్టాడు. నిజామాబాద్ పోటీలో గెలిచిన జట్టు ఒక ఖండపు ఛాంపియను, బోధన్ పోటీలో గెలిచిన జట్టు ఇంకో ఖండపు ఛాంపియను. రెండు ఖండాల మధ్య సముద్రం లేదు గానీ, బస్సు ఉంది.

బోధన్ బజారులో తాళ్లు, గోనెసంచులు అమ్ముకునే నర్సన్నను ఎజాజ్ కమిటీకి పెద్దమనిషిని చేశాడు. నర్సన్న కాదనలేదు. పెద్దమనిషి అంటే కాదనగలిగేవాళ్లు తక్కువ. కానీ నిరుడు ఈ ఆటల గురించే ఇంట్లో పెద్ద గొడవై, కమిటీలోంచి దిగిపోతానని భార్య భాగ్యలక్ష్మికి మాటిచ్చాడు. దిగలేదు. ఆ సంగతి చెప్పనూ లేదు.

ఈ ఏడు వానలకు ఎజాజ్ దుకాణం పైకప్పు కారింది. "ఆట అయ్యేదాక మీ ఇంట్ల పెట్టుకో నర్సన్నా," అని అతను వెండిపూత ఉన్న రెండు చెవుల పెద్ద కప్పును అప్పగించాడు. ఇంట్లో ఎవరి కంటా పడని చోటు ఏదా అని నర్సన్న ఆలోచించి, దేవుని గదిలో పటాల వెనక పెట్టాడు. రోజుకు రెండుసార్లు భాగ్యలక్ష్మి దీపం పెట్టే గది అది. నర్సన్న తెలివి ఎప్పుడూ అంతే. దాచేది బాగానే దాస్తాడు, ఎవరి నుంచి దాస్తున్నాడో మరిచిపోతాడు.

ఆ శుక్రవారం అతని లెక్క చాలా సులువైనది. పొద్దున ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. మధ్యాహ్నం జుమ్మా నమాజు అయ్యాక ఆటగాళ్లు పోగవుతారు. సాయంత్రం గోనెసంచిలో కప్పు పెట్టుకొని గ్రౌండుకు పోవాలి. స్నానం చేసి, విభూతి పెట్టుకొని, దేవుని గదిలోకి అడుగుపెట్టి నర్సన్న అక్కడే నిలబడిపోయాడు.

పీట మీద బియ్యం, బియ్యం మీద కప్పు. కప్పు మీద మామిడాకులు, కొబ్బరికాయ, దానికి కట్టిన అమ్మవారి ముఖం. చుట్టూ ఎర్ర అంచు పట్టుచీర. రెండు చెవులకూ ఆకుపచ్చ గాజులు.

"నోరు తెరిసి సూస్తున్నవేంది?" అంది భాగ్యలక్ష్మి. "గుట్టుగ పటాల ఎనక పెడితే నాకు కనవడదనుకున్నవా? పెండ్లైన యేడు అన్నవ్, వెండి కలశం తెస్తనని. ఇన్నేండ్లకు యాదికొచ్చింది. చెవులున్న కలశం సూసుడు గిదే మొదటిసారి. అమ్మవారికి గాజులు తొడగనీకి ఎంత మంచిగున్నయో!"

ఆమె గొంతు వణికినట్టు నర్సన్నకు అనిపించింది. అది కలశం కాదని చెప్పడానికి నోరు తెరిచి, "దండం పెట్టుకుంట," అన్నాడు. ఒకసారి అమ్మవారు కూర్చున్నాక, శనివారం పొద్దున ఉద్వాసన చెప్పేదాకా కలశాన్ని కదిలించరాదు. నర్సన్న దేవునికి భయపడే మనిషి. భార్యకు భయపడతాడా అంటే, ఆ రెండు భయాలనూ విడదీసి చూసుకునే అవసరం అతనికి ఇప్పటిదాకా రాలేదు.

పెరట్లోకి పోయి ఎజాజ్‌కు ఫోన్ చేశాడు.

"ఎజాజ్ భాయ్, కప్పు పూజల కూసున్నది. రేపటిదాక లేవదు."

"అరె వాహ్! మన బోధన్ గెలవాలని పూజ చేయిస్తున్నవా? నువ్వు పక్కా మనోనివి నర్సన్నా!"

"గట్ల కాదు భాయ్..." అనేలోపే అవతల ఫోన్ పెట్టేశాడు. ఎజాజ్ ఈ మాట తన ఆటగాళ్లకు చెప్పాడు. వాళ్లు చాయ్ హోటల్లో చెప్పారు. నిజామాబాద్ జట్టు బోధన్‌లో బస్సు దిగేసరికి, బోధన్‌వాళ్లు కప్పుకు మంత్రం వేయించారన్న వార్త వాళ్లకు ఎదురొచ్చింది.

కాసేపటికి ఆ జట్టు పెద్ద రాజశేఖర్, వెనక ఎర్ర జెర్సీల్లో ఆటగాళ్లందరూ నర్సన్న గడప ముందు నిలబడ్డారు.

"అన్నా, కప్పు ఇంకా ఎవ్వలదీ గాలే. ఒక్క దిక్కు పూజ ఎట్ల చేయిస్తరు? చేస్తే మా పేరు మీద గూడ చేయాలె."

లోపల వాయనం తీసుకుంటున్న ఆడవాళ్లు తలలు తిప్పి చూశారు. భాగ్యలక్ష్మి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎవరయ్యా ఈ పోరలు?"

"మన... మన దుకాణం బేరగాళ్లు," అన్నాడు నర్సన్న.

"అందరికి ఒక్కతీరు అంగీలున్నయేంది?"

"ఒక్క దుకాణంలనే కొన్నరట."

"మరి ఈపుల మీద నంబర్లు?"

"గవి పసుపు మార్కెట్ యార్డుల టోకెన్ నంబర్లు."

భాగ్యలక్ష్మి అతని ముఖంలోకి ఒక క్షణం చూసి, "పండుగపూట గడపకొచ్చినోళ్లను ఉత్తగ పంపొద్దు. కూసోండ్రి బిడ్డా," అంది. విస్తళ్లు పరుచుకున్నాయి. పులిహోర, గుగ్గిళ్లు, నెయ్యి కారే బూరెలు వచ్చాయి.

రాజశేఖర్ మాత్రం నర్సన్న వెంట దేవుని గది దాకా పోయి గుసగుసగా అడిగాడు. "కప్పేదన్నా?"

"గదే. చీర కట్టుకున్నది."

రాజశేఖర్ చూశాడు. అమ్మవారూ అతన్నే చూస్తున్నట్టుంది. టోపీ తీసి చేతులు జోడించాడు. "అన్నా, నేనైతే ముట్ట."

"నేను గూడ ముట్ట."

"మరి గెలిచినోళ్లు ఏం లేపాలె?"

"చేతులు," అన్నాడు నర్సన్న దిగులుగా.

ఇంతలో, నిజామాబాద్‌వాళ్లు కప్పును గుంజుకుపోవడానికి వచ్చారని తెలిసి ఎజాజ్ తన జట్టుతో ఉరికొచ్చాడు. ఎదుటి జట్టు ఐదో బూరె మీద ఉండటం చూసి అతని కోపం చల్లారింది. "తినుండ్రి బేటా, కడుపునిండ తినుండ్రి," అని మెల్లగా తన జట్టు వైపు తిరిగి కన్ను కొట్టాడు. అక్కడెవరూ లేరు. అందరూ రెండో వరుసలో కూర్చొని విస్తట్లో నీళ్లు చల్లుకుంటున్నారు.

ఆ సాయంత్రం రెండు ఖండాల ఛాంపియన్లూ గ్రౌండులో నడిచారు. బంతి ఒక్కటే అప్పుడప్పుడు పల్లానికి ఉరికింది. గోలు కాలేదు. చివరికి పెనాల్టీల్లో నిజామాబాద్ గెలిచింది. లేపడానికి కప్పు లేక ఆటగాళ్లు రాజశేఖర్‌ను లేపారు. అతనూ బూరెలు తిన్నవాడే. రెండోసారి లేపలేకపోయారు.

"రేపు పొద్దున వచ్చి తీస్కపోత అన్నా," అన్నాడు రాజశేఖర్ ఒళ్లు దులుపుకుంటూ.

అంటే పొద్దున రాజశేఖర్ రాకముందే భాగ్యలక్ష్మికి చెప్పాలి. పాతికేళ్ల కోరిక తీరిందని అందరికీ చూపించుకున్న మనిషికి, అది ఫుట్‌బాల్ వాళ్లదని ఏ నోటితో చెప్పేది? పడుకునే ముందు చెబుదామనుకున్నాడు, ఆమె అలసిపోయి ఉంది. లేచాక చెబుదామనుకున్నాడు, ఆమె ఉద్వాసన పూజలో ఉంది. ఇంటి ముందు బండి ఆగేసరికి నర్సన్న గోనెసంచుల కట్ట వెనక ఏదో వెతుకుతున్నట్టు వంగాడు.

"నర్సన్న లేడా వదినా?" అంది రాజశేఖర్ గొంతు.

"ఉన్నడు. గోనెసంచుల సాటుకు ఉన్నడు," అంది భాగ్యలక్ష్మి. తళతళలాడుతున్న కప్పును తెచ్చి, బొట్టు పెట్టి అతని చేతిలో పెట్టింది. "ఇగో బిడ్డా, మీ సూపర్ కప్పు. వచ్చే యేడు మా బోధన్ పోరలు గుంజుకుంటరు, జాగర్త."

బండి పోయాక నర్సన్న మెల్లగా లేచాడు. "నీకు ఎరికేనా?"

"చింతపండు పెట్టి తోమింది నేనే. అడుగుకు బంతి తన్నే మనిషి బొమ్మ ఉన్నది. అమ్మవారు బంతి తంతదా?"

"మరి ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవేమోనని సూసిన. పొద్దంత సూసిన. టోకెన్లట, టోకెన్లు!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగాక మెల్లగా అంది, "కమిటీల ఉంటే ఉండు. నాకు అబద్ధం చెప్పకు."

నర్సన్న చెప్పులేసుకొని తిన్నగా వెండి దుకాణానికి పోయాడు. "వ్రతం నిన్ననే అయిపాయె గద నర్సన్నా, ఇయ్యాల కలశమేంది?" అన్నాడు దుకాణపాయన. "మాది జర ఆలస్యం," అన్నాడు నర్సన్న.

భాగ్యలక్ష్మి ఆ చిన్న కలశాన్ని అరచేతిలో పెట్టుకొని, అడుగు తిప్పి చూసి, కళ్లకద్దుకుంది. "దీనికి మల్ల ఎవడన్న వస్తడా?"

"ఎవ్వడు రాడు."

అయినా ఆ వారమంతా ఇంటి ముందు బండి ఆగితే చాలు, ఆమె లేచి వెళ్లి దేవుని గదికి గొళ్లెం పెట్టింది.