జ్ఞానానందం గారి బస్సు నియమావళి

క్రైస్తవుల ఇళ్లలో గోడ మీద దేవుడి వాక్యం ఉండడం మామూలే. నర్సీపట్నంలో జ్ఞానానందం ఇంట్లో మాత్రం ఆ వాక్యం పక్కనే జ్ఞానానందం వాక్యాలు కూడా ఉండేవి.

కుళాయి పైన ‘వాడిన పిమ్మట కట్టవలెను’. గేటు మీద ‘మూయవలెను’. గుమ్మం దగ్గర ‘చెప్పులు జతగా విడువవలెను’. ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆ ముగ్గురిలో కుళాయి కట్టనివాడూ, గేటు మూయనివాడూ, ఒక చెప్పు గుమ్మంలోనూ రెండోది మందార మొక్క కిందా విడిచేవాడూ ఆయనొక్కడే.

భార్య పరిమళ బి.ఏ. చదివింది. గోడల మీద ఏమీ రాయదు. చూస్తుంది, అంతే. తన నియమాలన్నిటికంటే జ్ఞానానందం ఆ చూపుకే ఎక్కువ భయపడేవాడు.

అలాంటి మనిషి, ఆ ఏడు క్రిస్మస్ ముందర, స్కూలు బస్సుకు నియమావళి రాయడానికి పూనుకున్నాడు.

కారణం చెరుకు. వాళ్లమ్మాయి సారా చదివే స్కూలు మాకవరపాలెం రోడ్డులో ఉంది. చెరుకు నరకడం మొదలైతే ఆ రోడ్డు నిండా లోడు ట్రాక్టర్లే. బస్సు ట్రాక్టరు పక్కకి వచ్చిందంటే కిటికీల్లోంచి చేతులు బయటికొస్తాయి. పట్టుకున్న గడ ఊడివస్తే చెరుకు దక్కుతుంది. ఊడి రాకపోతే చెయ్యి పోతుంది. పిల్లలకు మొదటి సగం మాత్రమే తెలుసు.

ఓ రోజు ఒక చిన్న పిల్లాడు గడ వదలకుండా దానితోపాటే నడుం దాకా కిటికీ దాటేశాడు. బస్సు ఆయా దేవుడమ్మ కాళ్లు పట్టుకుని లోపలికి లాగింది. మర్నాడే ప్రిన్సిపాల్ ఎస్తర్ రాణి మేడమ్ తల్లిదండ్రుల్ని పిలిపించింది.

“ఇంకొక్క చెయ్యి బయట కనబడిందంటే బస్సు ఆపేస్తాను. ఎవరి పిల్లల్ని వాళ్లే తెచ్చుకోండి.”

జ్ఞానానందం అక్కడికక్కడే లెక్క వేసుకున్నాడు. బస్సు ఆగిపోతే పొద్దున్నే సారాని స్కూటరు మీద దింపాలి. అంటే మంచం మీద కాఫీ పోయినట్టే. పేపరు పోయినట్టే. ఆ స్కూటరు స్టార్టయ్యేలోగా పాస్టరు గారు ప్రార్థన ముగించి కానుకల సంచి కూడా తిప్పేయగలరు.

అందుకని ఒక రేకు మీద నల్లరంగు వేయించి, తెల్లటి అక్షరాలతో నియమాలు రాయించాడు. ఇంటికి తెచ్చి పరిమళకు చదివి వినిపించాడు.

“‘చేతులు, తలలు మరియు ఇతర అవయవములు కిటికీ బయట పెట్టరాదు.’ ఎలాగుంది?”

“ఇతర అవయవాలంటే ఏటండీ?”

“కాళ్లూ అవీ.”

“కాళ్లు బయటపెట్టాలని వాళ్లకింకా తోచలేదండీ. మీరే చెప్పి పంపిస్తన్నారు.”

జ్ఞానానందం ఆ మాట విననట్టు బోర్డు పట్టుకెళ్లి డ్రైవర్ సూరన్నకు ఇచ్చాడు. సూరన్న దాన్ని వేలితో టంగుమని కొట్టి చూశాడు.

“మంచి రేకండి. పనికొస్తాది” అన్నాడు.

నిజంగానే పనికొచ్చింది. వారం తిరక్కుండా బస్సు మారిపోయింది. అదివరకు సంతలా అరుచుకుంటూ వచ్చే బస్సు, ఇప్పుడు ఆరాధన మధ్యలో ఉన్న చర్చిలా వస్తోంది. ట్రాక్టర్ల వాళ్లు తమ చెరుకును ఎవరూ లాగడం లేదేమిటా అని వెనక్కి తిరిగి చూసుకుంటున్నారు.

జ్ఞానానందం ఛాతీ పెరిగింది. ఆదివారం చర్చి బయట ఎస్తర్ రాణి మేడమ్ ఆయన్ని ఆపి, “మీ ఇంటివాళ్ల వల్లే బస్సు నిలబడిందండీ” అనేసరికి ఇంకొంచెం పెరిగింది. ‘ఇంటివాళ్లు’ అని ఎందుకందో ఆలోచించలేదు. గౌరవానికి అని ఉంటుందనుకున్నాడు.

ఇక ఆయన్ని ఒక్కటే కుతూహలం తొలిచేయసాగింది. తను రాసిన నియమాల్లో పిల్లలను అంతగా కట్టిపడేసింది ఏది?

సారాని అడిగాడు. “చెప్పకూడదు డాడీ. బస్సులో మాట బస్సులోనే ఉండాలి” అని జడ ఊపుకుంటూ పోయింది.

దేవుడమ్మని అడిగాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, “నన్నడక్కండి బావూ, సెప్పలేను” అంటూ అటు తిరిగి నవ్వింది.

పరిమళను అడిగాడు.

“అంతా మీ వల్లేనండీ” అంది పరిమళ, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

“అంతానా?”

“పూర్తిగా. మీరే లేకపోతే ఆ బస్సులో ఒక్క పిల్లా సీట్లో కూర్చోదు.”

పెళ్లయ్యాక పరిమళ ఆయన్ని ఇంతగా మెచ్చుకోవడం అదే మొదటిసారి. దాంతో ఆయనకు అనుమానం వచ్చింది.

పైగా పిల్లల తీరు కూడా వింతగా ఉంది. చర్చిలో ఆయన వాక్యం చదువుతుంటే పిల్లలు వాక్యం వినకుండా ఆయన మీసాలనే చూస్తున్నారు. బజార్లో ఎవరో పిల్ల ఎదురొచ్చి, “అంకుల్, గేదె మీ పేంటు ఇచ్చీసిందా?” అని అడిగి పారిపోయింది.

ఇంటికొచ్చి పరిమళ మీద విరుచుకుపడ్డాడు. “గేదె పెరట్లోకొచ్చి తీగ మీది నా పేంటు నముల్తూ పట్టుకుపోయిన సంగతి బయటికెలా వెళ్లింది?”

“గేటులోంచేనండీ. తెరిచి ఉంచింది మీరే కదా.”

ఇలా లాభం లేదనుకుని ఒక పథకం వేశాడు. బస్సులో దొంగచాటుగా ఎక్కి, తన నియమావళి పనిచేసే తీరు కళ్లారా చూడాలి.

మర్నాడు చీకటితోనే లేచాడు. మంకీ క్యాప్ పెట్టాడు. పరిమళ గోధుమరంగు శాలువా కప్పుకున్నాడు. ఎవరూ గుర్తుపట్టకుండా నల్ల కళ్లద్దాలు కూడా తగిలించాడు.

“ఎక్కడికండీ?” పరిమళ గొంతు.

“వాకింగ్‌కి.”

“వాకింగా? మీరా?”

“డాక్టరు చెప్పాడు.”

“ఏ డాక్టరు?”

“ఏ డాక్టరైనా అదే చెప్తాడు కదా!” అని గుమ్మం దాటేశాడు.

బస్సు ఆగి ఉండే చోటికి వెళ్లేసరికి సూరన్న అద్దాలు తుడుస్తున్నాడు. ఆయన్ని చూసి గుడ్డ కింద పడేసుకున్నాడు.

“ఏటి బావూ, ఈ యేసం?”

“ఇన్‌స్పెక్షన్. ఎవరికీ చెప్పకు. మన బోర్డెక్కడ?”

సూరన్న ఆయన్ని చివరి సీటు దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ కిటికీ అద్దం లేదు. దాని స్థానంలో రేకు మేకులతో బిగించి ఉంది. ఇటువైపు ఒట్టి తుప్పు.

“అద్దం పోయింది కదండి. సలిగాలి కొట్టెస్తంటే పిల్లలకి జలుబులు. మీ రేకు కొలిసి కోసినట్టు సరిపోయింది.”

“అక్షరాలు బయటివైపు ఉన్నాయేమయ్యా?”

“లోపలుంటే పిల్లలు గోకీయరా? రంగు పాడైపోదూ?”

అంటే ఇన్నాళ్లూ జ్ఞానానందం గారి నియమావళిని దారిపొడుగునా గేదెలూ, చెరుకు ట్రాక్టర్లూ చదువుతూ వచ్చాయన్నమాట. చదివినవాటిలో ఒక్క గేదె కూడా కిటికీ బయట చెయ్యి పెట్టలేదు.

మరి పిల్లల్ని ఆపుతున్నది ఏమిటి?

ఆయన చివరి సీట్లో కూలబడి, నిద్రపోతున్నట్టు నటించాడు. స్టాపు స్టాపుకీ పిల్లలెక్కారు. చివర్లో సారా ఎక్కింది. వెళ్లి ముందర, పిల్లలవైపు తిరిగి ఉండే ఆయా సీట్లో దేవుడమ్మ పక్కన కూర్చుంది.

“సర్దుకోండర్రా” అంది దేవుడమ్మ.

సంచులు ఒళ్లోకి వచ్చాయి. చేతులు సంచుల మీదికి వచ్చాయి. బస్సంతా నిశ్శబ్దం.

“ఎవరైనా లేచినా, చెయ్యి బయటపెట్టినా ఏమవుద్ది?” అని అడిగింది సారా.

“కథ ఆగిపోద్ది!” అన్నారందరూ.

“నిన్న ఎక్కడ ఆపాం?”

“మీ డాడీ మీసానికి రంగేసుకుని నిద్రోయారు!”

మంకీ క్యాప్‌లో జ్ఞానానందం మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

“పొద్దున్న లేచి చూస్తే మీసం దిండుకుంది” అంది సారా. “డాడీకేమో చెంప మీదుంది. ఆ చెంపతోనే పాలవాడి దగ్గరకెళ్లి, పాలల్లో నీళ్లు కలిపావని అరిచారు. పాలవాడు ‘మీరెవరండీ?’ అన్నాడు.”

బస్సంతా పొర్లి పొర్లి నవ్వింది. అదీ సీట్లలో కూర్చునే. అప్పుడే ఒక చెరుకు ట్రాక్టరు కిటికీలను రాసుకుంటున్నంత దగ్గరగా పోయింది. ఒక్కరు కూడా అటు చూడలేదు.

“ఇప్పుడు ఈరోజు కథ. డాడీ పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లారు. మంకీ క్యాప్, మమ్మీ శాలువా, నల్ల కళ్లద్దాలు.”

“సీకట్లో నల్ల కళ్లద్దాలెందుకు?” ముందు సీట్లోంచి ఒక చిన్న గొంతు.

“మమ్మీ కూడా అదే అంది. ఇప్పుడాయన ఎక్కడున్నారో తెలుసా?”

“ఎక్కడ?”

“ఎవరూ లేవకండి. తలలు మాత్రం తిప్పండి. చివరి సీట్లో.”

తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. ఒక్కరూ లేవలేదు. ఇంత క్రమశిక్షణగా జ్ఞానానందాన్ని చూసి ఎవరూ ఎప్పుడూ నవ్వలేదు.

సాయంత్రం ఇంట్లో యుద్ధం.

“నేను వాకింగ్‌కి వెళ్లలేదని దానికెవరు చెప్పారు?”

“మీరు చెప్పులు మర్చిపోయి వెళ్లారండీ. వాకింగ్‌కి వెళ్లేవాళ్లకి చెప్పులు కావాలి. బస్సెక్కేవాళ్లకి అక్కర్లేదు.”

“అంటే ఈ కథలన్నీ నువ్వే నేర్పుతున్నావు!”

“అది చూసిందే చెప్తుంది. నేను తప్పులు దిద్దుతాను, అంతే. గేదె నల్ల పేంటు తినేసిందని చెప్పబోయింది. బూడిదరంగని సరిచేశాను. పిల్లలకి అబద్ధాలు చెప్పకూడదు కదా.”

“నా పరువు ఏం కావాలి? ఇకనుంచి నా కథ బస్సులో చెప్పడానికి వీల్లేదు!”

“అలాగేనండీ” అంది పరిమళ. “గోడ మీద రాయించమంటారా?”

కథ ఆగింది. దానికి బదులుగా జ్ఞానానందం ఒక వేటగాడి నీతికథ కల్పించి సారాకు నేర్పాడు. నీతి దాకా వెళ్లే ఓపిక పిల్లలకు లేకపోయింది. వేట దగ్గరే ఆగి, రోడ్డు మీద కనబడిన గేదెల్ని రేగిపళ్లతో వేటాడారు. కిటికీల్లోంచే.

మర్నాటినుంచి మళ్లీ చెరుకు.

ఇటు ఇంట్లో జ్ఞానానందం ఒళ్లు దగ్గర పెట్టుకుని తిరుగుతున్నాడు. కుళాయి కడుతున్నాడు. గేటు మూస్తున్నాడు. చెప్పులు జతగా విడుస్తున్నాడు. అవి చూసి పరిమళ ఏమీ అనలేదు. అదే ఆయనకు నచ్చలేదు.

ఒక సాయంత్రం సారా బస్సు దిగి, స్వెట్టరు చెయ్యి వెనక్కి దాచుకుని వచ్చింది. మోచేతి దగ్గర్నుంచి మణికట్టు దాకా చిరిగి వేలాడుతోంది.

“చెరుకు ఆకు పట్టేసింది డాడీ” అంది నెమ్మదిగా.

“నువ్వు కూడా చెయ్యి పెట్టావా?”

“కథ లేదు కదా. ఊరికే కూర్చుని ఏం చెయ్యాలి?”

జ్ఞానానందం ఆ చేతిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. గీత కూడా పడలేదు. అయినా చాలాసేపు వదల్లేదు. స్కూటరూ, కాఫీ, పేపరూ ఏవీ ఆయనకు గుర్తు రాలేదు.

“రేపు బస్సులో ప్రిన్సిపాల్ మేడమ్ కూడా వస్తారట” అంది సారా. “ఒక్క చెయ్యి కనబడినా ఆఖరట.”

“సరే” అన్నాడు, గోడవైపు చూస్తూ. “నా కథే చెప్పు.”

“ఏం చెప్పను డాడీ? మీరు ఏమీ చెయ్యట్లేదు కదా!”

అదీ నిజమే. జ్ఞానానందం ఆలోచించి, చేతిలోని కాఫీ గ్లాసు ధన్‌మని కింద పడేశాడు.

“అది పడలేదండీ” అంది పరిమళ వంటింట్లోంచే. “మీరు వదిలేశారు. పిల్లలు ఇట్టే పట్టేస్తారు.”

మర్నాడు పొద్దున్న బస్సు హారన్ మోగింది. సారా వట్టి చేతులతో యుద్ధానికి వెళ్తున్నదానిలా వెళ్లి ఎక్కింది. ఎస్తర్ రాణి మేడమ్ ముందు సీట్లో నిటారుగా కూర్చుని ఉంది. బస్సు కదిలింది.

జ్ఞానానందం పెరట్లో గడ్డం గీసుకుంటున్నాడు. వంటింట్లోంచి పరిమళ కేక.

“అయ్యో, సారా కేరియర్ మర్చిపోయిందండీ! బేగి! బేగెళ్లండి!”

చేతిలోకి కేరియర్ వచ్చింది. అంతే, జ్ఞానానందం పరుగు లంకించుకున్నాడు. ఒక చెంపన నురగ. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి పరిమళ చెప్పు. ఒక చేత్తో లుంగీ. వెనక గేటు బార్లా తెరిచి ఉంది.

“సూరన్నా! ఆపు! అన్నం! అన్నం!”

వీధిలో వాళ్లంతా, పాపం ఎన్నాళ్లయిందో తిని, అనుకుని గుమ్మాల్లోకి వచ్చారు. మలుపు దగ్గర బస్సు ఆగింది. తలుపు తెరిచింది మేడమ్.

“ఏమిటండీ జ్ఞానానందం గారూ?”

“సారా... కేరియరండీ...”

సారా తన సంచిలోంచి కేరియర్ తీసి చూపించింది. మేడమ్ అనుమానంగా జ్ఞానానందం చేతిలోని కేరియర్ మూత తీసింది. అందులో కోళ్లకు కలిపిన తవుడు. ఒక ఈక కూడా ఉంది.

జ్ఞానానందం మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు. దూరంగా గేటు దగ్గర పరిమళ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. చూస్తోంది, అంతే.

బస్సు లోపల దేవుడమ్మ గొంతు వినబడింది. “సర్దుకోండర్రా.”

“ఈరోజు పొద్దున్న మా డాడీ...” అని మొదలుపెట్టింది సారా. సంచులు ఒళ్లోకి వచ్చాయి. చేతులు సంచుల మీదికి వచ్చాయి. ఎస్తర్ రాణి మేడమ్ కూడా హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, దాని మీద చేతులు వేసుకుని, సారావైపు తిరిగి కూర్చుంది.

బస్సు కదిలింది. ఎదురుగా నిండు లోడుతో చెరుకు ట్రాక్టరు వచ్చి, కిటికీలన్నిటినీ దాటుకుంటూ పోయింది. ఒక్క గడ కూడా కదల్లేదు.

నురగ చెంపతో, తవుడు కేరియర్‌తో నడిరోడ్డు మీద నిలబడి జ్ఞానానందం బస్సుకు టాటా చెప్పాడు. తిరిగి టాటా చెప్పడానికి ఒక్క చెయ్యి కూడా కిటికీ బయటికి రాలేదు.