చిట్టి కుర్చీల్లో పెద్దమనుషులు

ప్రత్యేక అవసరాలున్న చిన్నారుల చదువులో సమాజ భాగస్వామ్యాన్ని నూటికి నూరుపాళ్లూ సాధించామని ఆ వీధి సంక్షేమ సంఘం ప్రకటించింది. ప్రకటనలో అబద్ధమేమీ లేదు. సంఘం సాంతం వెళ్లి బడిలోనే కూర్చుంది.

గువ్వ తల్లికి ఇంత ఘనకార్యం అక్కర్లేదు పాపం. ఆమె ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుట్టే మనిషి. నాలుగేళ్ల గువ్వకు ఇంకా మాటలు రాలేదు, ఎవరితోనూ ఆడదు. వీధి చివర కొత్త బడిలో అలాంటి పిల్లలు ఐదుగురున్నారు. వాళ్ల పక్కన ఇరుగుపొరుగు పిల్లలూ కూర్చోవాలి, ఒకరిని చూసి ఒకరు నేర్చుకోవాలి, లేదంటే నెలాఖరుకి బడి మూసేయాలని పైవాళ్ల ఉత్తర్వు. "మీ పిల్లల్ని కాసేపు పంపండమ్మా" అంటూ ఆమె గడపగడపా ఎక్కింది. అందరూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పిల్లల్ని మాత్రం పంపలేదు. ఒకడికి డాన్సు, ఒకత్తెకి దస్తూరి క్లాసు. ఒకావిడైతే, "మావాడు గలగలా మాట్లాడతాడమ్మా, అక్కడికొచ్చి మానేస్తేనో?" అంది.

పిల్లలకు తీరిక లేనందున బడిలో వాళ్ల కుర్చీల్లో పెద్దలే కూర్చోవాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. "సమాజం అంటే ఎవరండీ? మనమే కదా!" అన్నారు అధ్యక్షులవారు, రిటైరైన ఇంజనీరు. చప్పట్లు మోగాయి.

మర్నాడు సంఘంలోని నలుగురు పెద్దమనుషులూ మోకాళ్లు గడ్డాలకానించి చిట్టి కుర్చీల్లో ఆసీనులయ్యారు. ముందు ప్రసంగాలు, తర్వాత బంకమట్టి. మందులషాపాయన ఏనుగును చేస్తే, దాని తొండం విరిచి అధ్యక్షులు తన కప్పుకు పిడి పెట్టుకున్నారు. ఎర్రబంతి దగ్గర ఆ ఇద్దరికీ వ్యవహారం ముదిరింది.

"నా వంతు!"

"నీ వంతు ఇందాకే అయిపోయిందయ్యా!"

టీచరమ్మ ఇద్దరినీ గోడవైపు తిరిగి కూర్చోమంది. గుమ్మంలో నిలబడ్డ గువ్వ తల్లికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నెలాఖరు ముంచుకొస్తోంది మరి.

సంగతి ఆనోటా ఈనోటా పాకింది. తాతయ్యను గోడకు తిప్పి కూర్చోబెట్టారంటే ఏ మనవడు ఆగుతాడు? డాన్సులూ దస్తూరీలూ ఎగ్గొట్టి పిల్లలంతా కిటికీకి వేలాడారు. కిటికీ చాలక లోపలికొచ్చారు. అధ్యక్షులవారి మనవరాలు ఎర్రబంతిని గువ్వవైపు దొర్లించింది. గువ్వ దాన్ని చూసింది, ఆ పిల్లను చూసింది, తిరిగి దొర్లించింది. మళ్లీ వచ్చింది బంతి. మళ్లీ పంపింది. అబ్బ, ఆ తల్లి సంతోషం చెప్పతరమా! అందరి ముందూ భోరున ఏడ్చేసింది.

కుర్చీలు చాలక టీచరమ్మ పెద్దల్ని లేపింది. "మీరిక ఇంటికెళ్లండి బాబూ, పిల్లలు చూసుకుంటారు."

బడి నిలిచింది. పిల్లలిప్పుడు రోజూ వస్తున్నారు, పొమ్మన్నా పోవడం లేదు. పెద్దల్ని లేపిన సాయంత్రమే సంఘం అత్యవసరంగా సమావేశమై, బడిలో సమాజానికి చోటు లేకుండా చేశారని తీవ్రంగా ఖండించింది. చిట్టి కుర్చీలు తిరిగి దక్కేదాకా ఉద్యమం ఆగదట. సభ్యత్వానికి ఖాళీలింకా ఉన్నాయి. మీవంటి సహృదయులు తప్పక చేరాలి. పిల్లలుంటే మాత్రం ఇంట్లో వదిలి రండి.