పాయింట్ నాలుగు సిస్టర్

లెక్కల ప్రకారం పురుళ్ల వార్డుకు పాయింట్ నాలుగు నర్సు చాలని తేలడంతో, ఆ సోమవారం సిస్టర్ సువార్త ఎడమ చెయ్యి, రెండు చెవులు, ఒక కన్ను మాత్రమే అక్కడ డ్యూటీలో చేరాయి.

కాళ్లను జ్వరాల వార్డుకు వేశారు, అక్కడ నడక ఎక్కువ. కుడి చెయ్యీ రెండో కన్నూ ఆఫీసుకు వెళ్లాయి. రోజువారీ నివేదికలు ఎవరో ఒకరు రాయాలి కదా. నోటికి మాత్రం ఎక్కడా పని తేలలేదు. ‘‘ఇంకాస్త ఓర్చుకో తల్లీ’’ అనడానికి పట్టికలో గడి లేదు. అందుకని దాన్ని మిగులు కింద చూపించి, సూపరింటెండెంట్ గారి గాజు బీరువాలో పెట్టి తాళం వేశారు. సువార్తకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఏ వార్డు కిందికి వస్తుందో ఎవరూ తేల్చలేకపోయారు.

బుధవారం మధ్యాహ్నం నూకరత్నానికి నొప్పులు ముదిరాయి. తొలికాన్పు. బిడ్డ మెడకు పేగు చుట్టుకుంది.

‘‘సిస్టరమ్మా, ఏదోటి మాటాడండి, భయవేత్తందండీ!’’ అని అరిచింది.

చెవులు విన్నాయి. ఒంటి చేత్తో చప్పట్లే మోగవు, మెడకు పడిన పేగు ఊడి వస్తుందా? ఎడమ చెయ్యి తిన్నగా ఆఫీసుకు పోయి, రాసుకుంటున్న కుడి చేతిని మణికట్టు పట్టి లాగింది; రెండో కన్నూ వెంటే వచ్చింది. చేతులు రెండూ కలిసి బీరువా అద్దం పగలగొట్టి నోరు తెచ్చుకున్నాయి. కాళ్లు ఎవరూ పిలవకుండానే పరుగెత్తుకొచ్చాయి.

‘‘ఇక్కడే ఉన్నాను తల్లీ, ఊపిరి తీసుకో,’’ అంది సువార్త, మొత్తంగా నిలబడి. పేగు తప్పించింది. ఆడపిల్ల కెవ్వుమంది.

సాయంత్రానికి మెమో వచ్చింది: వార్డులో పాయింట్ ఆరు నర్సు అదనం. రెండు ఊళ్లకు ఇన్‌ఛార్జి కనుక సూపరింటెండెంట్ గారి నడుము పైభాగమే ఇక్కడ ఉంటుంది.

‘‘సగటు చెడిపోయింది సిస్టర్,’’ అన్నారాయన బాధగా.

‘‘చెడనీండి సార్. ఇంకో మనిషిని వేయించండి. నేను మాత్రం ఇక విడిపోనండి.’’

‘‘మరి మిగతా వార్డులు?’’

‘‘వాటికీ మొత్తమే వెళ్తాను.’’

ఆయన లేచి కోప్పడదామనుకున్నారు గానీ కాళ్లు పక్క ఊళ్లో ఉన్నాయి.

సువార్త అన్నట్టే జ్వరాల వార్డుకు వెళ్లింది. గుమ్మం దగ్గరి మంచం మీద ముసలాయన ఆమెను కిందినుంచి పైదాకా చూసి హడలిపోయాడు.

‘‘ఎవరు పోయేరమ్మా? మొత్తం మనిషొచ్చేసేరు!’’

‘‘ఎవరూ పోలేదు తాతా. ఇకమీదట ఇలాగే వస్తాను.’’

తాత నమ్మలేదు. పక్కమంచం మనిషి ఊపిరి తీస్తున్నాడో లేదో చూశాడు. తీస్తున్నాడు. అప్పుడు అనుమానంగా తన నాడి తానే పట్టుకు చూసుకున్నాడు.